“లేజర్ ప్రింటే కదా భాయ్?” నిఖా ఆల్బమ్, స్కాన్ ఫిల్మ్ చేతికి తీసుకునే ముందు తెలుసుకోవాల్సినవి

మిర్చి యార్డులో సరుకు అమ్మి, పత్తి డబ్బులు కూడా చేతికొచ్చాక మన గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో షాదీల సందడి మొదలవుతుంది. ఫంక్షన్ హాలు, దావత్, బట్టలు అన్నీ మాట్లాడుకున్నాక చివర్లో ఫొటోల మాట వస్తుంది. ఆల్బమ్‌కి ఎన్ని షీట్లు, అట్ట ఎలా ఉండాలి, పెట్టె ఇస్తారా అని గట్టిగానే బేరం చేస్తాం. ప్రింట్ సంగతి మాత్రం ఒక్క ముక్కలో తేలిపోతుంది. “లేజర్ ప్రింటే కదా భాయ్?” “లేజరే భాయ్, ఫికర్ వద్దు.”

ఆ జవాబు అబద్ధం కాకపోవచ్చు. కానీ లేజర్ ప్రింట్ అనే ఒక్క పేరుతో మన చేతికి వచ్చేవి కనీసం మూడు రకాలు. జిరాక్స్ షాపులో వచ్చేది ఒకటి, కలర్ ల్యాబ్‌లో వచ్చేది ఇంకొకటి, ఆస్పత్రి స్కానింగ్ గదిలోంచి వచ్చే నల్ల ఫిల్మ్ మూడోది. మూడింట్లోనూ లేజర్ ఉంటుంది. అయినా ఒకదానికి ఇంకొకదానికి పోలిక లేదు. ఎంతకాలం నిలుస్తుంది, ఎక్కడ దాచాలి, ఏం చేస్తే పాడవుతుంది అన్నది మూడింటికీ వేర్వేరు. ఆ తేడా తెలియకపోతే నష్టం మనకే. నిఖా మళ్లీ జరగదు, వెళ్లిపోయిన దాదా మళ్లీ కెమెరా ముందు కూర్చోరు.

ఫొటో తీయించుకోవడం విషయంలో ఉలమాల్లో వేర్వేరు అభిప్రాయాలున్నాయి. ఆ చర్చలోకి ఈ వ్యాసం వెళ్లదు. తీయించుకున్న ఫొటో ఎలా తయారవుతుంది, ఎవరి చేతుల్లోంచి వెళ్తుంది, ఎలా దాచుకోవాలి అన్నంత వరకే మన మాట.

జిరాక్స్ షాపు లేజర్ వేరు

జిరాక్స్ షాపులోని ప్రింటర్‌లో లేజర్ కాగితాన్ని తాకదు. లోపల గుండ్రంగా తిరిగే డ్రమ్ము ఒకటి ఉంటుంది. దాని మీద లేజర్ విద్యుత్ గీతలతో బొమ్మ గీస్తుంది. ఆ గీతలకు టోనర్ అనే సన్నటి పొడి అంటుకుంటుంది. ఆ పొడిని కాగితం మీదికి దించి, వేడి రోలర్ కింద కరిగించి అతికిస్తారు. అంటే అది కాగితం పైన కూర్చున్న రంగు పొడి. ఆ కాగితాన్ని గట్టిగా మడిచి చూడండి, మడత దగ్గర రంగు పొరలా లేచిపోతుంది. దరఖాస్తులకు, ఆధార్ కాపీలకు అది చాలు. తరతరాలు దాచుకోవాల్సిన ఫొటోకి చాలదు.

వెలుతురుతో రాసే ప్రింట్

కలర్ ల్యాబ్‌లోని లేజర్ యంత్రంలో పొడీ ఉండదు, సిరా కూడా ఉండదు. ఉండేది వెలుతురు, ఆ వెలుతురు పడితే స్పందించే కాగితం.

మన పెద్దవాళ్లు “ఫొటోలు కడిగించాలి” అంటుంటారు. పిల్లలు నవ్వుతారు, పెన్‌డ్రైవ్‌లో ఉన్నదాన్ని కడగడం ఏమిటని. నిజానికి పెద్దవాళ్ల మాటే సరైనది. లేజర్ ల్యాబ్‌లో ఫొటో ఇప్పటికీ కడిగితేనే వస్తుంది. మారింది ఒక్కటే. వెనకటికి నెగటివ్ గుండా బల్బు వెలుతురు కాగితం మీద పడేది. ఇప్పుడు నెగటివ్ స్థానంలో కంప్యూటర్ ఫైలు, బల్బు స్థానంలో మూడు లేజర్లు వచ్చాయి.

ఆ మూడు లేజర్లు ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఫైల్లో ఉన్న ప్రతి చుక్కకూ ఏ రంగు వెలుతురు ఎంత కావాలో కంప్యూటర్ లెక్క కడుతుంది. మూడు కిరణాలూ కలిసి, చాలా వేగంగా తిరిగే పలకల అద్దం మీద పడతాయి. అద్దం తిరుగుతుంటే కిరణం కాగితానికి అడ్డంగా ఈ అంచు నుంచి ఆ అంచుకు పరుగెడుతుంది. కాగితం నెమ్మదిగా ముందుకు జరుగుతూ ఉంటుంది. అలా ఒక్కో గీత చొప్పున బొమ్మ మొత్తం పడుతుంది. చాలా ల్యాబ్ యంత్రాల్లో అంగుళానికి 300 చుక్కలు. ఒక్కో చుక్క మీద లేజర్ నిలిచే సమయం సెకనులో పది లక్షల వంతు కూడా ఉండదు. ఇదంతా పూర్తి చీకట్లో, యంత్రం పొట్టలోనే జరిగిపోతుంది. అందుకే ల్యాబ్‌కి వెళ్తే మనకు కనిపించేది ఒక పక్క కంప్యూటర్, ఇంకో పక్క జారుతూ వచ్చే తడి ఆరిన ఫొటోలు, అంతే.

కాగితంలో ఏముంది? మామూలు కాగితానికి రెండు వైపులా ప్లాస్టిక్ పూత ఉంటుంది. దాని పైన జెలటిన్ పొరలు. పశువుల ఎముకలు, చర్మాల నుంచి తీసే బంక లాంటి పదార్థమే జెలటిన్. ఆ పొరల్లో వెండి లవణాల రేణువులుంటాయి. ఒక పొర నీలి వెలుతురుకు, ఒకటి ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు స్పందిస్తుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ఏ పొర మీద ఎక్కువ వెలుతురు పడితే అక్కడ దానికి ఎదురు రంగు తయారవుతుంది. నీలి వెలుతురు పడిన చోట పసుపు, ఆకుపచ్చ పడిన చోట మజెంటా అనే ముదురు గులాబీ, ఎరుపు పడిన చోట సయాన్ అనే ఆకాశ నీలం. మన యార్డులో రాశి పోసిన మిర్చి ఫొటో ప్రింట్ చేస్తున్నారనుకోండి. ఎర్రటి మిర్చి రావాలంటే ఎర్ర లేజర్ దాదాపు ఆగిపోవాలి, నీలం, ఆకుపచ్చ లేజర్లు గట్టిగా పనిచేయాలి. అప్పుడు పసుపు, మజెంటా కలిసి మన కంటికి మిర్చి ఎరుపు కనిపిస్తుంది. తెల్లటి షేర్వానీ రావాలంటే లేజర్లు మూడూ ఆగాలి, వెలుతురు పడని కాగితమే తెలుపు. నల్ల బుర్ఖా రావాలంటే మూడూ పూర్తిగా వెలగాలి.

తరువాత కాగితం రసాయనాల తొట్లలోకి వెళ్తుంది. మొదటి తొట్టిలో డెవలపర్ రంగులను పుట్టిస్తుంది. రెండో తొట్టిలో వెండి మొత్తం కరిగి బయటికి పోతుంది. ఆ తరువాత కడిగి ఆరబెడతారు. కొద్ది నిమిషాల్లో ఫొటో చేతికొస్తుంది. అంటే వెండితో తయారైన రంగుల ఫొటోలో చివరికి వెండి మిగలదు, రంగులే మిగులుతాయి. వెండి అంతా వాడేసిన ద్రావణంలోకి చేరుతుంది. అందుకే ల్యాబ్‌లు, పాత పద్ధతి ఎక్స్‌రే గదులు ఆ ద్రావణాన్ని పారబోయవు. అందులోంచి వెండి తీసేవాళ్లు దాన్ని డబ్బిచ్చి కొనుక్కుంటారు.

దుల్హన్ ఎర్ర లెహంగా ప్రింట్‌లో ఒకే ఎర్ర ముద్దలా వచ్చి, జరీ పని కనపడటం లేదని చాలామంది ల్యాబ్ మీద కోప్పడతారు. చాలాసార్లు తప్పు ల్యాబ్‌ది కాదు. ఫొటో తీసేటప్పుడే లైటు ఎక్కువై ఎరుపు నిండిపోతే, ఫైల్లోనే ఆ వివరం ఉండదు. లేని జరీని లేజర్ గీయలేదు. ఆల్బమ్ డిజైన్ చూపించినప్పుడే లెహంగా దగ్గర పెద్దది చేసి చూసుకోవడం మంచిది.

ఊళ్లో ల్యాబ్ ఎందుకు మూతపడింది?

రీలు ఇస్తే గంటలో ఫొటోలిచ్చే చిన్న యంత్రాన్ని జపాన్‌కు చెందిన నోరిట్సు కంపెనీ 1976లో తెచ్చింది. వాటినే మినీల్యాబ్ అన్నారు. 1990ల రెండో సగంలో అదే జపాన్‌కు చెందిన ఫుజీ ‘ఫ్రాంటియర్’ పేరుతో లేజర్ మినీల్యాబ్ తెచ్చింది. పెద్ద సైజు ప్రింట్లకు ఇటలీ కంపెనీ డర్స్ట్ ‘లాంబ్డా’ యంత్రం ఆ దశాబ్దంలోనే వచ్చింది. ఆ తరువాత డిజిటల్ కెమెరా, దాని వెనకే ఫోన్ వచ్చి వ్యాపారాన్ని తలకిందులు చేశాయి. 2005లో ఆగ్ఫాఫొటో దివాలా తీసింది. 2006లో కొనికా మినోల్టా ఫొటో వ్యాపారం నుంచే తప్పుకుంది. 2012లో కొడాక్ అమెరికాలో దివాలా రక్షణ కోరింది. మన దేశంలో ఊటీలో 1960లో పెట్టిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో ఫిల్మ్, ఎక్స్‌రే ఫిల్మ్ అమ్మేది. అదీ మూతపడింది.

చిన్న ఊళ్లలో ల్యాబ్‌లు ఎందుకు పోయాయో లెక్కల్లో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. మన దగ్గర కోల్డ్ స్టోరేజీ ఉంది కదా. లోపల మిర్చి బస్తాలు నిండుగా ఉన్నా సగమే ఉన్నా కరెంటు బిల్లు పెద్దగా తగ్గదు. లేజర్ ల్యాబ్ కూడా అంతే. డెవలపర్ గాలి తగిలితే పాడవుతుంది. రోజూ సరిపడా ప్రింట్లు పడుతుంటే కొత్త రసాయనం కలుస్తూ తొట్టి తాజాగా ఉంటుంది. రోజుకు పది ప్రింట్లే వస్తే వాడకుండానే పాడవుతుంది. తొట్ల వేడి తగ్గకూడదు, రోజూ ఉదయం టెస్ట్ ప్రింట్ తీసి రంగులు సరిచేయాలి. పని ఉన్నా లేకున్నా ఈ ఖర్చు తప్పదు. ఫోన్లొచ్చి మ్యాక్సీ సైజు ప్రింట్లు తగ్గిపోగానే చిన్న ల్యాబ్‌కి ఆ లెక్క కుదరలేదు.

అందుకే ఇప్పుడు చిన్న ఊళ్లలో చాలా స్టూడియోలు ఫొటో తీస్తాయి, ప్రింట్ మాత్రం పెద్ద ఊరి ల్యాబ్‌లో వేయిస్తాయి. మధ్యలో ఆల్బమ్ డిజైనర్ ఒకరుంటారు, ఆయన మూడో ఊళ్లో ఉండొచ్చు. పాస్‌పోర్ట్ ఫొటోలకు స్టూడియోలోనే చిన్న సిరా ప్రింటర్ పెట్టుకుంటారు. కాబట్టి ఒకే స్టూడియో నుంచి మనకు రెండు మూడు రకాల ప్రింట్లు రావొచ్చు. అన్నిటినీ “ఫొటో ప్రింట్” అనే అంటారు.

ఏది ఎంతకాలం నిలుస్తుంది?

సిరా ప్రింట్లన్నీ చెడ్డవని కాదు. మంచి పిగ్మెంట్ సిరా, దానికి తగిన కాగితం వాడితే ఆ ప్రింట్ కూడా చాలాకాలం నిలుస్తుంది. సమస్యంతా చవక రీఫిల్ సిరాతోనే. గోడ మీద పెడితే కొన్నేళ్లకే వెలిసిపోతుంది. లేజర్ ల్యాబ్ ప్రింట్‌తో ఉన్న సుగుణం ఏమిటంటే, రంగు కాగితం పైన కాకుండా జెలటిన్ పొరల లోపల ఉంటుంది. చేయి రాసుకున్నంత మాత్రాన పోదు. పేరున్న కంపెనీ కాగితమై, సరిగ్గా కడిగితే ఒక తరం దాటి నిలుస్తుంది.

మన ఇళ్లలో ఒక విషయం గమనించే ఉంటారు. దాదా, దాదీల నలుపు తెలుపు ఫొటో ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1970లు, 80ల మొదట్లో తీసిన రంగుల ఫొటో మాత్రం ఎర్రబారిపోతుంది. దానికి కారణం పైన చెప్పుకున్నదే. నలుపు తెలుపు ఫొటోలో బొమ్మ వెండిదే, ఆ వెండి అక్కడే ఉంది. రంగుల ఫొటోలో వెండి పోయి రంగులే మిగిలాయి. ఆనాటి కాగితాల్లో సయాన్ రంగు చీకట్లో ఉన్నా క్రమంగా పోయేది. నీలం పోతే మిగిలేది ఎరుపు, పసుపే కదా. తరువాత వచ్చిన కాగితాల్లో ఈ లోపం చాలా వరకు తగ్గింది. మీ బీరువాలో అలా ఎర్రబారుతున్న ఫొటోలుంటే ఆలస్యం చేయకుండా స్కాన్ చేయించండి. నెగటివ్ దొరికితే ఇంకా మంచిది, అది ఫొటో కంటే బాగా ఉండే అవకాశం ఉంది.

ఫొటోకి శత్రువులు మూడు: వెలుతురు, వేడి, తేమ. మన జిల్లాల్లో మూడింటికీ కొదవ లేదు. మే నెలలో రెంటచింతల ఎండ సంగతి చెప్పక్కర్లేదు. చీరాల, బాపట్ల వైపు సముద్రపు తేమ. ఒక విషయంలో మాత్రం మన అలవాటు మంచిదే. గోడలకు ఫొటోలు పెట్టకుండా ఆల్బమ్‌లో, బీరువాలో ఉంచే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. చీకటి, పొడి, చల్లదనం ఉన్న చోట రంగులు ఎక్కువకాలం నిలుస్తాయి. అయితే బీరువా ఎండ పడే గోడకు ఆనుకుని ఉండకూడదు. వంటగది పక్కనా వద్దు. కలరా ఉండలు ఆల్బమ్ దగ్గర పెట్టకండి. జిగురు పేజీ మీద ఫొటో అతికించి పైన ప్లాస్టిక్ పొర కప్పే పాత ఆల్బమ్‌లు మంచివి కావు, ఆ జిగురు ఫొటోను తినేస్తుంది.

ఫ్రేమ్ కట్టిస్తే ఫొటోకీ అద్దానికీ మధ్య కొంచెం ఖాళీ ఉండేలా చూడండి. వానాకాలం తేమకు జెలటిన్ మెత్తబడి అద్దానికి అతుక్కుంటుంది. ఒకసారి అతుక్కున్న ఫొటోను లాగితే బొమ్మ అద్దానికే ఉండిపోతుంది. లాగకండి. అద్దంతో సహా స్కాన్ చేయించి కొత్త ప్రింట్ తీసుకోండి.

వాట్సాప్ ఫొటో ఎంత సైజుకు పనికొస్తుంది?

ఇది చిన్న లెక్క. అంగుళానికి 300 చుక్కలంటే 4 బై 6 మ్యాక్సీ ప్రింట్‌కి 1200 బై 1800 చుక్కలు కావాలి. ఫోన్లో తీసిన 12 మెగాపిక్సెల్ ఫొటో 3000 బై 4000 ఉంటుంది, 10 బై 13 అంగుళాల వరకు హాయిగా వస్తుంది. అదే ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు వైపు సుమారు 1600కి కుదించుకుపోతుంది. దాంతో మ్యాక్సీ ప్రింట్ ఫరవాలేదు. 18 అంగుళాల పేజీ మీద వేస్తే అంగుళానికి 90 చుక్కలు కూడా రావు, ముఖాలు మసకబారతాయి. పూర్తిగా విప్పితే 12 బై 36 అంగుళాలుండే కరిజ్మా ఆల్బమ్ షీటుకు మొత్తం 3 కోట్ల 88 లక్షల చుక్కలు కావాలి. అందుకే గల్ఫ్‌లో ఉన్న మామూ, అమెరికాలో ఉన్న ఖాలా ఫొటోలు ఆల్బమ్‌లో కలపాలనుకుంటే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా మెయిల్‌లో తెప్పించుకోండి. అప్పుడు అసలు ఫైలు వస్తుంది.

ఫిల్మ్ మీద లేజర్: కాతిబ్ కలం నుంచి సీటీ స్కాన్ దాకా

కాగితం మీదే కాదు, పారదర్శక ఫిల్మ్ మీద కూడా లేజర్ రాస్తుంది. ఒకప్పుడు ఉర్దూ పత్రికలన్నీ కాతిబ్‌ల చేతిరాతతో వచ్చేవి. 1994లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక నస్తాలీఖ్ లిపి కంప్యూటర్ తెర మీదికి ఎక్కింది. తెర మీది పేజీని అచ్చు ప్లేటుకు ఎక్కించాలంటే మధ్యలో ఫిల్మ్ కావాలి. ఇమేజ్‌సెట్టర్ అనే యంత్రం లేజర్‌తో ఆ పేజీని ఫిల్మ్ మీద రాసేది. తరువాత పెద్ద ప్రెస్సుల్లో ఫిల్మ్ కూడా పోయి నేరుగా ప్లేటు మీదే రాయడం మొదలైంది.

మన కుటుంబాలకు ఇంకా రోజూ పనిపడే ఫిల్మ్ ఆస్పత్రిది. గుంటూరు జీజీహెచ్ ముందు నిలబడితే పల్నాడు, ప్రకాశం వైపు నుంచి పెద్ద కవర్లు పట్టుకుని వచ్చేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. ఆ కవర్లలో ఉండే సీటీ, ఎంఆర్ఐ ఫిల్మ్‌లను కెమెరాతో తీయరు. యంత్రం కంప్యూటర్లో తయారుచేసిన బొమ్మను ప్రింటర్ ఫిల్మ్ మీద వేస్తుంది. లేజర్ రకం ప్రింటర్‌లో కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లేజర్ ఫిల్మ్ మీద రాస్తుంది. తరువాత సుమారు 120 డిగ్రీల వేడితో బొమ్మను బయటికి తెస్తారు. నీళ్ల తొట్టి లేదు, కడగడం లేదు. కొన్ని ఆస్పత్రుల్లో లేజర్ లేకుండా వేడి తలతోనే ప్రింట్ చేసే యంత్రాలున్నాయి.

కడగని ఫిల్మ్ కాబట్టే ఇక్కడ జాగ్రత్త కావాలి. కడిగిన ఫొటోలోంచి పనైపోయిన రసాయనాలు బయటికి వెళ్లిపోతాయి. ఈ ఫిల్మ్‌లో అవి లోపలే ఉంటాయి. మళ్లీ బాగా వేడి తగిలితే ఫిల్మ్ ఇంకా నల్లబడుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారు లోపల వేడి 50 డిగ్రీలు సులువుగా దాటుతుంది. డాష్‌బోర్డు మీద, వెనక అద్దం కింద కవరు పెట్టి గంటల తరబడి వదిలేస్తే డాక్టర్‌కు చూపించాల్సిన చోటే మసిబారొచ్చు. పోకుండా ఉంటుందని లామినేషన్ చేయించడం ఇంకా ప్రమాదం, లామినేషన్ యంత్రం పనిచేసేదే వేడితో. ఫిల్మ్‌ని ఇంట్లో చల్లటి చోట కవర్లోనే నిలబెట్టి ఉంచండి.

ఇంకో మాట. సీటీ బొమ్మలో నలుపు నుంచి తెలుపు వరకు వేల స్థాయిలుంటాయి. ఫిల్మ్ మీద వచ్చేది అందులోంచి ఎంచుకున్న భాగమే. పెద్ద జబ్బుకు రెండో డాక్టర్ అభిప్రాయం కావాలంటే ఫిల్మ్‌ని ఫోన్‌తో ఫొటో తీసి పంపితే సరిపోదు. స్కాన్ చేసిన రోజే సీడీ లేదా పెన్‌డ్రైవ్‌లో పూర్తి ఫైలు ఇవ్వమని అడగండి. తరువాత హైదరాబాద్ వెళ్లినా, వెల్లూరు వెళ్లినా అది పనికొస్తుంది.

పర్దా, అమానత్, చట్టం

ఇప్పుడు చాలా కుటుంబాలు మనసులో పెట్టుకుని బయటికి అడగలేని విషయం. ఆడవాళ్ల ఫొటోలు ఎవరెవరు చూస్తారు?

ఈ చింత కొత్తది కాదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దర్బారు ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచారు. పర్దా పాటించే కుటుంబాల స్త్రీల కోసమే అది. ఫొటోలు తీసే బాధ్యత ఒక బ్రిటిష్ మహిళకు అప్పగించారు. నూట ముప్పై ఏళ్ల కిందటే ఆ అవసరాన్ని గుర్తించి, వ్యాపారంలో దానికి చోటిచ్చారు.

ఇప్పుడు జనానా వైపు లేడీ ఫొటోగ్రాఫర్‌ను పెట్టుకుంటే పని అయిపోయిందనుకుంటాం. కానీ పైన చెప్పిన దారి గుర్తు తెచ్చుకోండి. కెమెరాలోంచి స్టూడియో కంప్యూటర్, అక్కడి నుంచి డిజైనర్, అక్కడి నుంచి ల్యాబ్. నెగటివ్ రోజుల్లో రీలు మన చేతికి తిరిగొస్తే విషయం దాదాపు అక్కడితో ముగిసేది. ఫైలు అలా కాదు. ఇచ్చినా వాళ్ల దగ్గర ఇంకో కాపీ ఉంటుంది. ల్యాబ్‌లు మళ్లీ ఆర్డర్ వస్తుందేమోనని, పొరపాటు జరిగితే మళ్లీ ప్రింట్ వేయాలని కొన్నాళ్లు ఫైళ్లు ఉంచుకుంటాయి. అందులో దురుద్దేశం ఉండక్కర్లేదు. కానీ ఎన్నాళ్లు, ఎవరి కంప్యూటర్లో అన్నది మనం అడగాలి. మనవాళ్ల ఫొటోలు వాళ్ల దగ్గర ఉన్న అమానత్. అమానత్ అని చెప్పి అప్పగించినప్పుడే అవతలి వాళ్లకూ ఆ బరువు తెలుస్తుంది.

చట్టం కూడా ఇక్కడ మన పక్షానే ఉంది, చాలామందికి తెలియదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి వేరే ఒప్పందం ఏదీ లేకపోతే మొదటి హక్కుదారు తీయించుకున్న వాళ్లే. అంటే షాదీ ఫొటోల కాపీరైట్ మామూలుగా డబ్బు కట్టిన మీదే. స్టూడియో వాళ్లు షాపు ముందు బోర్డు మీద, ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవాలంటే మీ అనుమతి కావాలి. “వేరే ఒప్పందం లేకపోతే” అన్న మాట మాత్రం మరిచిపోవద్దు. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు సంతకం పెట్టించుకునే కాగితంలో, ఫొటోలను ప్రచారానికి వాడుకోవచ్చని చిన్న అక్షరాల్లో రాసి ఉండొచ్చు. చదివి, వద్దనుకుంటే ఆ లైను కొట్టేసి సంతకం పెట్టండి.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు అడగాల్సినవి

1. ప్రింట్ ఏ రకం? వెండి కాగితం మీద లేజరా, సిరానా, డిజిటల్ ప్రెస్సా? “లేజర్” అన్న ఒక్క మాటతో ఆగకండి. “కెమికల్‌లో కడిగే ఫొటో పేపరేనా?” అని అడిగితే జవాబు స్పష్టంగా వస్తుంది.

2. ఏ కంపెనీ కాగితం? విడి ఫొటోల వెనక వైపు చాలాసార్లు కంపెనీ పేరు లేత అక్షరాల్లో ఉంటుంది, తిప్పి చూడండి.

3. ఒక నమూనా ప్రింట్ చూపిస్తారా? భూతద్దం పెట్టి ముఖం దగ్గర చూడండి. సిరా, టోనర్ ప్రింట్లలో చిన్న చిన్న రంగు చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి. లేజర్ ల్యాబ్ ఫొటోలో రంగు ఒకదాంట్లోకి ఒకటి సాఫీగా కలిసిపోతుంది.

4. అసలు ఫైళ్లన్నీ ఇస్తారా? రెండు చోట్ల కాపీ పెట్టుకోండి, ఒకటి ఇంట్లో, ఇంకొకటి వేరే ఊళ్లో ఉన్న సొంతవాళ్ల దగ్గర.

5. జనానా ఫొటోలు ఎవరు డిజైన్ చేస్తారు, ఏ ఊరి ల్యాబ్‌కు వెళ్తాయి, ఆల్బమ్ అందాక ఎన్ని రోజులకు తుడిచేస్తారు? జవాబును రసీదు మీదే రాయించుకోండి.

ఆల్బమ్ మొత్తం ఖరీదైన ప్రింట్ వేయించలేకపోయినా ఫరవాలేదు. నిఖా రోజున అమ్మీ, అబ్బా, నానీ, దాదీ అందరూ కలిసి ఉన్న ఓ పది ఫొటోలు ఎంచుకుని, మంచి ల్యాబ్‌లో కడిగించి, కవర్లో పెట్టి బీరువాలో దాచండి. ఫోన్ పోతుంది, హార్డ్‌డిస్క్ చెడిపోతుంది, పాస్‌వర్డ్ మరిచిపోతాం. పాతికేళ్ల తరువాత మనవరాలు తెరిచి చూడటానికి ఆ పది కాగితాలకు కరెంటు కూడా అక్కర్లేదు.